40 రూపాయలకి పాత నవల: ఫారాలన్నీ ఉన్నాయో లేవో, ఎప్పటిదో ఎలా తేల్చాలి?

ద్వారకానగర్ పాఠకుడు
విశాఖలో జగదాంబ వైపు పాత పుస్తకాల గుట్టలో 40 రూపాయలకి దొరికిన తెలుగు నవల ఇది. క్రౌన్ 1/8 సైజు (క్రౌన్ కాగితాన్ని ఎనిమిది ఆకులుగా మడిచింది), న్యూస్‌ప్రింటు, దారం కుట్టు. అట్ట ఉంది గానీ మొదటి ఆకు (టైటిల్, దాని వెనక ముద్రణ వివరాలు) లేదు. పేజీల అంకెలు 3తో మొదలై 206తో ఆగాయి. వెనక అట్ట మీద "వెల: 2 రూ. 50 న.పై." అని అచ్చయింది, పక్కనే అద్దె లైబ్రరీ ముద్ర. ఈ ధరకి ఇలాంటిది చేతికొస్తే కలిగే సంతోషం ఇంకెందులోనూ ఉండదు. అందుకే దీన్ని సరిగ్గా చూసుకోవాలని అడుగుతున్నాను. లోపల ఇంకేమైనా పోయాయా? ఏ కాలంది? కుట్టు దగ్గర్నుంచి పొడి రాలుతోంది, మిగతా పుస్తకాల్లో కలపొచ్చా?

ఫారం లెక్క
ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి, మడిచి కుట్టే పేజీల కట్ట. క్రౌన్ 1/8లో మామూలుగా ఫారానికి 16 పేజీలండి. ఫారం మొదలయ్యే పేజీ అడుగున చిన్న అంకె వేసేవారు: 17లో 2, 33లో 3, 49లో 4. గుట్ట దగ్గర నిలబడి ఈ పేజీలొక్కటే తిప్పి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 64 తర్వాత 81 వస్తే ఫారం మొత్తం పోయినట్టు. 64 తర్వాత 67 వస్తే ఎవరో ఒక ఆకు చింపినట్టు. ఒకే ఫారం రెండుసార్లు కుట్టేసి పక్కది వదిలేసిన కాపీలూ ఉంటాయి, కాబట్టి లావు చూసి మోసపోకండి. ముందుమాటకి విడిగా అంకెలుంటే, ఫారం అంకె మొదట కనిపించిన పేజీ నుంచి 16 చొప్పున కలుపుకుంటూ పొండి.

మీ పుస్తకంలో నాకు అనుమానం చివర్న. 13 ఫారాలంటే 208 పేజీలు. 207-208 ఆకు ఖాళీదో, ప్రకటనలదో అయితే బెంగలేదు. 206 అడుగున "సమాప్తం" ఉందా? దారం కుట్టులో ఫారం మొదటి ఆకూ చివరి ఆకూ ఒకే కాగితం. 1-2 పోయింది కాబట్టి 15-16 వదులుగా ఉంటుంది, జాగ్రత్త. అలాగే 207-208కి జత ఆకైన 193-194ని కదిలించి చూడండి, వదులుగా ఉంటే ఆ చివరి ఆకు పోయినట్టే.

పాత వెలలు
"న.పై." అంటే నయాపైసలు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేశారు. కనుక మీ కాపీ దాదాపు ఆ ఏడేళ్లలోది. రబ్బరు ముద్రతో వేరే వెల కనిపిస్తే పట్టించుకోవద్దు, అది మిగిలిన కాపీలకి తర్వాత వేసింది. అట్ట మీద ప్రెస్ చిరునామా ఉంటే అదీ సాక్ష్యమే: ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది, అంతకుముందు "విశాఖపట్నం-2" అన్నట్టు రాసేవారు. 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) 2007 నుంచి, ₹ గుర్తు 2010 నుంచి. ఇవి కనిపిస్తే ఎంత పాత నవలైనా కొత్త ముద్రణే.

బైండింగ్ బల్ల
ముందు విడిగా పెట్టండి. తెల్లకాగితం మీద తట్టండి. గోధుమరంగు పెళుసు ముక్కలైతే అది కాగితమే. సన్నటి ఇసుకలాంటి పొడి, రెండు మూడు రోజులకి మళ్లీ రాలితే లోపల పురుగు బతికే ఉంది. అప్పుడు పుస్తకాన్ని గాలి తీసిన జిప్ కవర్లో పెట్టి −18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక 24 గంటలు కవరు విప్పకండి. మన సముద్రపు గాలి తేమకి చల్లటి కాగితం మీద నీరు పట్టేస్తుంది, బూజు అక్కడే మొదలవుతుంది. ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు, న్యూస్‌ప్రింటు ఇంకా పెళుసవుతుంది.

ద్వారకానగర్ పాఠకుడు
193-194 చేతికొచ్చేసింది. 206లో "సమాప్తం" లేదు, వాక్యం మధ్యలో ఆగింది.

బైండింగ్ బల్ల
అయితే చివరి ఆకు పోయినట్టే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) వి.ఎస్. కృష్ణ లైబ్రరీలో ఇదే ముద్రణ ఉందేమో అడగండి. దొరికితే 1-2, 207-208 రెండు వైపులా జిరాక్సు తీయించి, కుట్టు వైపు 3 మి.మీ. మేర మైదా జిగురు రాసి అతికించండి. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. సెల్లోటేపు వేయకండి, నాలుగేళ్లలో పసుపు మరక దిగుతుంది.