17 అంగుళాల అలాయ్‌కి మారితే టైరు రాసుకోకుండా ఆఫ్‌సెట్, వెడల్పు ఎలా చూసుకోవాలి?

కొత్తచక్రం:
అందరికీ నమస్తే. నా కారుకి కంపెనీ ఇచ్చినవి 6జె × 15 (6 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల వ్యాసం), ఈటీ45 (ఆఫ్‌సెట్ 45 ఎంఎం) రిమ్ములు. టైర్లు 185/65 ఆర్15 (185 ఎంఎం వెడల్పు, అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ముకి). 17 అంగుళాల అలాయ్ వేయిద్దామని రెండు సెట్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి 7.5జె ఈటీ35, దాని మీద 215/45 టైరు. రెండోది 7జె ఈటీ42, దాని మీద 205/45. చూడ్డానికి మొదటిదే బాగుంది, మడ్‌గార్డు అంచుదాకా నిండుగా కూర్చుంటుంది. అమ్మేవాళ్లేమో రెండూ పడతాయంటున్నారు. మాకు వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను మామూలే. గతుకుల్లో టైరు గరగరా రాసుకుంటుందేమోనని టెన్షన్. పీసీడీ (నట్ల రంధ్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం) చూసుకున్నాను, సరిపోయింది.

నట్టుబోల్టు:
ఈటీ అంటే రిమ్ము నడిమి గీత నుంచి, హబ్‌కి (చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం దాకా ఉన్న దూరం. ఆ అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. 45 నుంచి 35 అంటే 10 ఎంఎం బయటికి. వేలెడు కూడా కాదు. మొదటి సెట్టే తీసుకో గురూ.

గ్యారేజీగోడ:
ఆగండి. ఆ 10 ఎంఎం జరిగేది చక్రం నడిమి గీత మాత్రమే. రిమ్ము వెడల్పు కూడా పెరుగుతోంది కదా, పెరిగిన దాంట్లో సగం ఇటు, సగం అటు పోతుంది. రెండూ కలిపి లెక్కేయాలి.

హబ్‌కి ఆనే ముఖం నుంచి రిమ్ము బయటి అంచు ఎంత దూరంలో ఉందో కావాలంటే వెడల్పులో సగం తీసుకుని అందులోంచి ఈటీ తీసేయాలి. లోపలి అంచుకైతే సగానికి ఈటీ కలపాలి. అంగుళం 25.4 ఎంఎం. మీ పాత రిమ్ములో సగం 76.2, కాబట్టి బయటికి 31.2, లోపలికి 121.2. 7.5జె ఈటీ35లో సగం 95.25, బయటికి 60.25, లోపలికి 130.25. అంటే రిమ్ము అంచు బయటికి 29 ఎంఎం వస్తోంది. 10 ఎక్కడ, 29 ఎక్కడ! పైగా ఈటీ తగ్గినా లోపల కూడా 9 ఎంఎం తినేస్తోంది. వెడల్పు సంగతి మర్చిపోతే ఇదే చిక్కు.

7జె ఈటీ42 అయితే బయటికి 46.9, లోపలికి 130.9. పాతదానికంటే సుమారు 16 బయటికి, 10 లోపలికి.

కొత్తచక్రం:
అర్థమైంది సార్. కానీ రాసుకునేది రిమ్ము కాదు, టైరు కదా? పాత టైరు రిమ్ముకంటే కాస్త ఉబ్బుగానే ఉంది.

గ్యారేజీగోడ:
అసలు పాయింటు పట్టుకున్నారు. టైరు మీద రాసిన 185, 215 అనే వెడల్పు ఒక ప్రామాణిక రిమ్ము మీద కొలిచినది. రిమ్ము అరంగుళం పెరిగితే టైరు పొట్ట సుమారు 5 ఎంఎం పెరుగుతుంది. 185/65 ఆర్15కి ప్రామాణిక రిమ్ము 5.5జె. మీది 6జె కాబట్టి అసలు వెడల్పు 190 దాకా ఉంటుంది. 215/45 ఆర్17కి 7జె, 7.5జె మీద ఎక్కిస్తే 220. 205/45 ఆర్17కి 7జెయే ప్రామాణికం, కాబట్టి 205.

ఇప్పుడు టైరుకి అదే లెక్క వేయండి. పాతది బయటికి 50, లోపలికి 140. మొదటి సెట్టు బయటికి 75, లోపలికి 145. రెండోది బయటికి 60.5, లోపలికి 144.5. అంటే బయటి వైపు మొదటిది 25 ఎంఎం ఎక్కువ ఆక్రమిస్తే, రెండోది పదిన్నరే. లోపలి వైపు రెండూ ఇంచుమించు 5 ఎంఎం. ఇక్కడ తేడా అంతా మడ్‌గార్డు వైపే ఉంది. ఒకే సైజు టైరు కూడా కంపెనీని బట్టి కొన్ని ఎంఎంలు అటూఇటూ ఉంటుంది, ఆ మాత్రం చోటు మిగుల్చుకోవాలి.

లెక్కతో పని అయిపోలేదు. మీ కారు దగ్గర ఎంత ఖాళీ ఉందో కొలవండి. చదును నేల మీద బండి నిలిపి, దారానికి ఒక నట్టు కట్టి మడ్‌గార్డు లోపలి అంచు నుంచి వేలాడదీయండి. దారానికీ టైరు పొట్టకీ మధ్య దూరం స్కేలుతో చూడండి. ముందూ వెనకా, ఎడమా కుడీ నాలుగూ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే రెండు వైపులా ఒకేలా ఉండాలని లేదు. లోపల టైరుకీ స్ట్రట్‌కీ (చక్రం పక్కన నిలువుగా ఉండే సస్పెన్షన్ కడ్డీకి) మధ్య సందు కూడా చూడండి. స్ట్రట్ మీద స్ప్రింగు కూర్చునే గిన్నె ఉంటుంది, టైరు తల దానికి దగ్గరగా వెళ్తే అక్కడే తగిలేది.

స్టీరింగ్‌రాజు:
ఇంత లెక్కలెందుకు అన్నా? రాసుకుంటే మడ్‌గార్డు అంచు లోపలికి మడిపించుకుంటే సరి. చాలామంది చేయించేదే.

గ్యారేజీగోడ:
మడిచినప్పుడు పెయింటు పగిలితే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. అయినా మడిచేది అంచు మాత్రమే, ముందు చక్రం ఫుల్‌గా తిప్పినప్పుడు బంపరు మూలకో లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో తగిలేదానికి అది మందు కాదు. చక్రం ఎంత బయటికి ఉంటే తిరిగేటప్పుడు అంత పెద్ద చాపం గీస్తుంది. కొన్న సామానుకి తగ్గట్టు బాడీని వంచడం కంటే, బాడీకి తగ్గ సామాను కొనడం నయం.

కొత్తచక్రం:
కొలిచాను. వెనక కుడి వైపు అన్నిటికంటే తక్కువ, 20 ఎంఎం. ఎడమ వైపు 22. ముందు రెండు పక్కలా 25 పైనే. స్ట్రట్ దగ్గర 18.

గ్యారేజీగోడ:
అయితే తేలిపోయింది. మొదటి సెట్టు వేస్తే వెనక కుడి టైరు మడ్‌గార్డు అంచు దాటి 5 ఎంఎం బయటికి పొడుచుకొస్తుంది. మీ బండికి వెనక ఇరుసు ఎలాంటిది? రెండు చక్రాలనీ కలిపే దూలం లాంటిదా?

కొత్తచక్రం:
అవును, టోర్షన్ బీమ్.

గ్యారేజీగోడ:
ఇంకేం మరి. విడివిడి సస్పెన్షన్ ఉన్న చాలా కార్లలో బరువుకి చక్రం పైకి లేచేటప్పుడు దాని తల కాస్త లోపలికి వాలుతుంది, అంచు తప్పించుకునే వీలుంది. బీమ్‌లో రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ వాలు ఉండదు, నిటారుగా పైకెళ్లి మడ్‌గార్డుని కొడుతుంది. వెనక సీటు నిండుగా, డిక్కీ బరువుగా తిరిగే మీకు మొదటి సెట్టు అస్సలు వద్దు. రెండో సెట్టుతో అక్కడ తొమ్మిదిన్నర, స్ట్రట్ దగ్గర 13 మిగులుతాయి.

ఎత్తు కూడా కలుస్తుంది. పాత టైరు 621.5 ఎంఎం, 205/45 ఆర్17 అయితే 616.3. ఒక శాతం లోపే తేడా, స్పీడోమీటరు గురించి బెంగ అక్కర్లేదు. కానీ ఒకటి గమనించండి. ఈ సైజులో లోడ్ ఇండెక్స్ 84 ఉన్నవీ, 88 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) ఉన్నవీ రెండూ దొరుకుతాయి. 84 అంటే టైరుకి 500 కిలోలు, 88 అంటే 560. మీ పాత టైరు పక్కన 88 అని ఉంటే కొత్తదీ అంతకు తగ్గకూడదు.

నట్టుబోల్టు:
చూపు కోసం ఈటీ42కి 5 ఎంఎం స్పేసర్ (హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే?

గ్యారేజీగోడ:
అప్పుడది ఈటీ37 అవుతుంది, వెనక నాలుగున్నరే మిగులుతుంది. ఈయన వాడకానికి వద్దు. నిజానికి ఈటీ కాస్త ఎక్కువున్నది కొంటేనే మేలు, తర్వాత కావాలంటే స్పేసర్‌తో బయటికి తేవచ్చు. ఈటీ తక్కువైన చక్రాన్ని లోపలికి నెట్టే ఉపాయం లేదు. స్పేసర్ వేసేవాళ్లు నట్టు ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టాలి. ఎం12 × 1.5 స్టడ్డుకి (నట్టు పట్టే మరల కడ్డీ, 12 ఎంఎం మందం, చుట్టుకి 1.5 ఎంఎం) కనీసం 8 పూర్తి చుట్లు పడాలి. లేదంటే పొడుగు స్టడ్డులు మార్చాల్సిందే.

కొత్తచక్రం:
సరే, 7జె ఈటీ42కే వెళ్తాను. తీసుకునేముందు షాపులో ఏం చూడమంటారు?

గ్యారేజీగోడ:
టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్ము ఒకటి ముందు హబ్‌కి బిగించి చేత్తో తిప్పండి. బ్రేక్ కాలిపర్‌కి స్పోకులు తగలకూడదు, బ్యాలెన్సింగ్ బరువు ముక్కలు అంటించేందుకు కూడా చోటుండాలి. ఇది ఈటీ చెప్పదు, స్పోకు వంపుని బట్టి ఉంటుంది. రిమ్ము నడిమి రంధ్రం హబ్ కంటే పెద్దదైతే సరైన సైజు రింగులు అడగండి. టైర్లు వేశాక స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పించి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి మళ్లీ సందులు చూడండి. టైరు భుజం మీద సుద్దముక్కతో గీసి ఓ గతుకు దారిలో తిప్పి రండి, ఎక్కడైనా తగిలితే ఆ సుద్ద చెరిగిపోయి కనబడుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూసుకోండి.