అప్‌డేట్: సిద్ధార్థ్ శుక్లా పోయాక ఏడుపు ఆగట్లేదని అడిగింది నేనే

హిందీ బిగ్ బాస్ 13 విజేత సిద్ధార్థ్ శుక్లా 2021 సెప్టెంబర్ 2న ముంబైలో 40 ఏళ్లకే చనిపోయినప్పుడు, ఎప్పుడూ కలవని మనిషి కోసం ఇంత బాధేంటని ఇక్కడ ఒక పోస్టులో మిమ్మల్ని అడిగాను కదా. ఇప్పుడు చాలా నయం.

మాదాపూర్ ఆఫీసులో "టీవీ వాళ్ల కోసం ఏడుస్తారా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నచ్చదు. మలక్‌పేటలో మా అమ్మకైతే అతను ‘చిన్నారి పెళ్లికూతురు’ డబ్బింగ్ సీరియల్‌లో కలెక్టరు. చిక్కుడుకాయలు వలుస్తూ, "రోజూ అన్నం వేళకి మనింటికొచ్చిన పిల్లాడే కదే, బాధ ఉండదా?" అంది. ఆ పూట ఇద్దరం కలిసి ఏడ్చాం, మనసు తేలికైంది. ప్రేక్షకులకు తెరమీది మనిషితో ఏర్పడే ఈ దగ్గరితనం గురించి హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారట.

బాగా పనిచేసింది మాత్రం మీరు చెప్పిన సలహానే: అంత్యక్రియల వీడియోలు, విషాద సంగీతం పెట్టిన రీల్స్ పూర్తిగా మానేశాను. అతను గొడవపడే, నవ్వే పాత ఎపిసోడ్లు మాత్రం అమ్మతో కలిసి చూస్తున్నాను.

ఇంకా నిద్ర పట్టనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.