ఈ-బైక్ బ్యాటరీకి చార్జరే కొనాలా, గట్టి పవర్ సప్లై ఉంటే చాలా?

రెండుచక్రాలు:
నా బైక్‌ది 48 వోల్టుల ప్యాక్. సిరీస్‌లో 13 సెల్స్, 14 ఆంపియర్ అవర్స్. బైక్‌తో వచ్చిన 2 ఆంప్స్ చార్జర్ ఏడాది తిరక్కుండానే పోయింది. విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కల నిండా దుమ్ము, ఒక కెపాసిటర్ తల ఉబ్బిపోయి ఉంది, దాని కింద బోర్డు మీద గోధుమరంగు మరక. బయట కొన్న రెండో చార్జర్‌తో ఇప్పుడు నెట్టుకొస్తున్నాను. అదీ చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది.

తెలిసినవాళ్లలో ఒకరు "చార్జర్ల జోలికి పోకు, ఎల్‌ఈడీ దీపాలకి కరెంటిచ్చే డ్రైవర్ లాంటి గట్టి పవర్ సప్లై తీసుకో" అంటున్నారు. ఇంకొకరు "లిథియానికి పవర్ సప్లై పెట్టావంటే చేజేతులా ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే" అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. రాత్రి చార్జింగ్ పెడితే మధ్యలో రెండుసార్లు లేచి చూసి వస్తున్నాను. మీరేమంటారు?

మీటర్‌చేతిలో:
నా ఓటు పవర్ సప్లైకే, అయితే చేతికి దొరికినదల్లా పనికిరాదు. చౌక చార్జర్లలో ముందుగా పోయేవి మీరు చూసిన ఆ రెండే. ఫ్యాన్ ఆగుతుంది, లోపల వేడి పేరుకుంటుంది, ఆ వేడికి కెపాసిటర్ ఎండిపోతుంది. మీన్ వెల్ వాళ్ల హెచ్‌ఎల్‌జీ సిరీస్ లాంటి డ్రైవర్లలో అసలు ఫ్యానే ఉండదు. అల్యూమినియం డబ్బాలో రబ్బరు లాంటి పదార్థం పోసి మూసేస్తారు. ఆరుబయట వెలిగే దీపాల కోసం చేసినవి కాబట్టి దుమ్ముకీ తేమకీ తట్టుకుంటాయి.

లిథియానికి కావాల్సిందల్లా ఇంతే: కరెంటు హద్దు దాటకూడదు, వోల్టేజీ పైకి చేరాక అక్కడే నిలబడాలి. దీన్నే సీసీ-సీవీ (కాన్‌స్టంట్ కరెంట్, కాన్‌స్టంట్ వోల్టేజీ) అంటారు. ఈ డ్రైవర్లు పుట్టిందే దానికి. "ఏ" రకంలో వోల్టేజీకి ఒకటి, కరెంటుకి ఒకటి రెండు చిన్న స్క్రూలుంటాయి. 54 వోల్టుల మోడల్ తీసుకుని, బ్యాటరీ తగిలించకముందే మీటర్ పెట్టి 54.6కి తిప్పుకోండి. సెల్‌కి 4.2 లెక్కన మీ 13 సెల్స్‌కి సరిగ్గా సరిపోతుంది. నేను నాలుగేళ్లుగా రోజూ ఇలాగే చార్జ్ చేస్తున్నాను, ఇంతవరకు ఒక్క ఇబ్బంది లేదు.

ప్యాక్‌కట్టేవాణ్ణి:
మీటర్‌చేతిలో గారూ, వోల్టేజీ గురించి మీరు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. కానీ అసలు విషయం వదిలేశారు. ఆ డ్రైవర్ ఎప్పుడు ఆగుతుంది?

ఆగదు. ప్యాక్ నిండేకొద్దీ కరెంటు తగ్గుతూ వస్తుంది, మంచి చార్జర్ అయితే అది బాగా పడిపోగానే తనంతట తానే కట్ చేస్తుంది. డ్రైవర్‌కి ఆ తెలివి లేదు. మీరు తీసేదాకా, అది రేపు మధ్యాహ్నమైనా సరే, సెల్స్‌ని 4.2 దగ్గరే పట్టి ఉంచుతుంది. నిండిన సెల్‌ని అలా నొక్కిపెట్టి ఉంచితే వయసు తొందరగా అయిపోతుంది. నా దగ్గరికి రిపేరుకి వచ్చే ప్యాక్‌లలో ఇలా రాత్రంతా, పగలంతా ప్లగ్గులోనే ఉండిపోయినవి చాలా చూశాను.

ప్యాక్ లోపల సెల్స్‌ని కాపాడే బోర్డు, అదే బీఎంఎస్, ఉంది కదా అనకండి. దాని పని చార్జింగ్ ఆపడం కాదు, అన్నీ తప్పినప్పుడు అడ్డుపడటం. ఇంటి తలుపు తీసిపెట్టి, లోపలి బీరువాకి తాళం ఉందిలే అనుకుంటామా?

కొత్తరైడర్:
నా దగ్గర పాత 48 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే మామూలు పవర్ సప్లై, ఒకటుంది, చిల్లుల ఇనప డబ్బాది. దాన్నే 54.6కి తిప్పి వాడుకోవచ్చా అన్నా?

మీటర్‌చేతిలో:
వద్దు తమ్ముడూ. ముందు దాని డేటాషీట్‌లో "ఓవర్‌లోడ్" అన్న చోట ఏం రాశారో చూడు. "కాన్‌స్టంట్ కరెంట్ లిమిటింగ్" అని ఉంటే మాట్లాడుకోవచ్చు. "హిక్కప్ మోడ్" అని ఉంటే పక్కన పెట్టెయ్. ఖాళీ బ్యాటరీ తగిలించగానే అది లాగే కరెంటు చూసి షార్ట్ అయిందనుకుని ఆగిపోతుంది, క్షణం తర్వాత మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. టిక్కు టిక్కుమని శబ్దం, లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. కాసేపట్లో చార్జింగ్ మొదలవుతుందిలే అని దాని ముందు కూర్చోకు. సాధారణ ఎస్‌ఎమ్‌పీఎస్‌లు చాలావరకు ఈ బాపతువే. పైగా 48 వోల్టులవి కొన్ని 54.6 దాకా తిరగనే తిరగవు.

ఎర్త్‌వైర్:
ఒక్క మాట. ఈ అల్యూమినియం డ్రైవర్లకి ఎర్త్ వైరు ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు వేసి దాన్ని కత్తిరించేసిన వాళ్లని చూశాను. అప్పుడు డబ్బా మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటుంది. అది ఊహ కాదు, లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే లీకేజీ. లోపల ఏదైనా తెగి డబ్బాకి తగిలితే మాత్రం అది జివ్వుమనడంతో పోదు. మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి, సాకెట్‌లో నిజంగా ఎర్త్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ప్యాక్‌కట్టేవాణ్ణి:
మంచి మాట చెప్పారు. చార్జర్ కొనేవాళ్లకీ ఒక హెచ్చరిక. పిన్ను సరిపోయిందంటే చార్జర్ సరిపోయినట్టు కాదు. 13 సెల్స్‌కి 54.6 కావాలి, 14 సెల్స్‌కి 58.8. రెంటికీ చాలాసార్లు ఒకటే గుండ్రటి పిన్ను వస్తుంది. 58.8ది తెచ్చి 13 సెల్స్‌కి పెడితే సెల్‌కి 4.5 పైనే పడుతుంది, అక్కడ బీఎంఎస్ పనిచెయ్యకపోతే చాలా ప్రమాదం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ లెక్క వేరే, సెల్‌కి 3.65. లెడ్ యాసిడ్ చార్జర్ మీద కూడా 48 అనే రాసి ఉంటుంది, దాని జోలికే పోవద్దు.

మీటర్‌చేతిలో:
ప్యాక్‌కట్టేవాణ్ణి గారు ఆగడం గురించి అన్నది ఒప్పుకుంటున్నాను. నేను మొదటి నుంచీ టైమర్ సాకెట్ వాడుతున్నాను, అది అలవాటైపోయి రాయడం మర్చిపోయాను, తప్పు నాదే. ఇంకోటి, నేను మామూలు రోజుల్లో 54.6 దాకా వెళ్లను. 53.3కి, అంటే సెల్‌కి 4.1కి పెట్టుకుంటాను. దూరం కొద్దిగా తగ్గుతుంది, సెల్స్ మాత్రం ఎక్కువకాలం మన్నుతాయి. బ్యాలెన్సింగ్ కోసం, అంటే సెల్స్ అన్నీ ఒకే వోల్టేజీకి రావడానికి, అప్పుడప్పుడు పూర్తిగా నింపుతాను. స్క్రూ తిప్పే ఈ వెసులుబాటు మామూలు చార్జర్‌లో ఎక్కడుంది?

ప్యాక్‌కట్టేవాణ్ణి:
మీ చేతిలో మీటర్ ఉంది కాబట్టి మీకు చెల్లుతుంది. టైమర్ గంటలు లెక్కపెడుతుంది, చార్జర్ కరెంటుని చూస్తుంది. ప్యాక్ సగం నిండి ఉన్న రోజు కూడా మీ టైమర్ అన్ని గంటలే తిప్పుతుంది కదండీ. పిల్లలున్న ఇంట్లో అడిగినవారికి నేను డ్రైవర్ తెచ్చుకోమని చెప్పలేను. రెండుచక్రాలు గారూ, మీరు బైక్ తయారీదారు ఆ ప్యాక్‌కి సరిపడేదని చెప్పిన చార్జరే తీసుకోండి. ఇప్పుడు వాడుతున్న దాని వోల్టేజీ ఎప్పుడైనా కొలిచారా?

రెండుచక్రాలు:
లేదండీ. లైటు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారితే చాలనుకున్నాను. మీటర్ తెచ్చి ఇప్పుడే చూశాను. బ్యాటరీ లేకుండా చార్జర్ కొస దగ్గర 55.9 చూపిస్తోంది. మూడుసార్లు చూశాను, అంతే.

మీటర్‌చేతిలో:
సెల్‌కి 4.3. ఆ చార్జర్ ఇక వాడొద్దు. ఆకుపచ్చ లైటు మెల్లగా వస్తోందా, ఉన్నట్టుండి టక్కున వస్తోందా?

రెండుచక్రాలు:
టక్కున. ఈమధ్య అంతే.

ప్యాక్‌కట్టేవాణ్ణి:
అయితే చాలావరకు ఆపుతున్నది చార్జర్ కాదు, బీఎంఎస్. అది లైను తెంపగానే కరెంటు సున్నా అవుతుంది, చార్జర్ నిండిందనుకుని ఆకుపచ్చ చూపిస్తుంది. అంటే ఇన్ని రాత్రులూ మీ ఇంట్లో చివరి అడ్డు ఒక్కటే కాపలా కాసింది. కొత్త చార్జర్ వచ్చాక ఆ ప్యాక్‌ని తెలిసినవాళ్లతో ఒకసారి విప్పించి, ఒక్కో సెల్ గ్రూపు వోల్టేజీ కొలిపించండి. అప్పటిదాకా చార్జింగ్ పెట్టకండి.

రెండుచక్రాలు:
ప్లగ్గు తీసేశాను. చార్జర్ వైరు కూడా కత్తిరించేశాను, ఇంట్లో ఇంకెవరూ తెలియక పెట్టకుండా. బ్యాటరీని బైక్ నుంచి తీసి బయట గచ్చు మీద పెట్టి వచ్చాను. రేపు ప్యాక్ చూపించి, గ్రూపుల వోల్టేజీలు ఇక్కడే రాస్తాను.