జానీ డ్యానీ దేశం వదలకపోయుంటే?

మంద్రస్థాయి:
ఆదివారం పొద్దున్నించీ జానీ డ్యానీ రికార్డులే వింటున్నాను. పేరు తెలియనివాళ్ళకి: దక్షిణాఫ్రికా జాజ్ కళాకారుడు, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం, మంద్రంగా మోగుతుంది) వాయించేవాడు. ఈస్ట్ లండన్ అనే రేవు పట్టణం (ఇంగ్లండ్ లండన్ కాదు, అక్కడి ఈస్టర్న్ కేప్‌లోది), దాని పక్కన డంకన్ విలేజ్ అనే నల్లవాళ్ళ పేట, అక్కడివాడు. పుట్టిన ఏడు కొందరు 1945 అంటారు, కొందరు 1947. అక్కడ వర్ణవివక్ష పాలన నడుస్తున్న రోజుల్లో, 1964లో, బ్లూ నోట్స్ అనే జాజ్ బృందంతో దేశం దాటాడు. 1986 అక్టోబరు 24న పశ్చిమ బెర్లిన్‌లో పోయాడు. అంటే ఇరవై రెండేళ్ళు పరాయి గడ్డ మీదే.
చాలామంది "ప్రవాసం ఆయన్ని తినేసింది" అని రాస్తారు. నాకలా అనిపించదు. వెళ్ళాడు కాబట్టే డ్యానీ డ్యానీ అయ్యాడు. ఉండిపోయుంటే ఈ పేరు మన చెవిన పడేదే కాదు. కాదనేవాళ్ళు రండి.

గోదారిగట్టు:
వచ్చానండి, కాదనడానికే. మన చెవిన పడటం, పడకపోవడం కొలబద్ద ఎలా అవుతుంది? ఆయన వాయించింది మనకోసమా? 1964లో వెళ్ళిన ఆరుగురి లెక్క చూడండి. టెనర్ సాక్సోఫోన్ నికెలే మొయాకే కొద్దికాలానికే వెనక్కి వెళ్ళిపోయాడు, ఎక్కువ కాలం బతకలేదు. ట్రంపెట్ మొంగెజి ఫెజా 1975 డిసెంబరులో లండన్‌లో న్యుమోనియాతో పోయాడు, ముప్పై ఏళ్ళకే. తర్వాత డ్యానీ. 1990లో మండేలా జైలు నుంచి బయటికొచ్చారు. అదే ఏడాది మేలో పియానో క్రిస్ మెక్‌గ్రెగర్, జూన్‌లో సాక్సోఫోన్ దుదు పుక్వానా పోయారు. ఆ ఆరుగురిలో డ్రమ్స్ లూయిస్ మొహోలో ఒక్కడే మిగిలాడు, 2005లో సొంత దేశం చేరాడు. దీన్ని ఎదుగుదల అంటారా?
ఉండిపోయినవాళ్ళూ గొప్ప పనే చేశారు. విన్‌స్టన్ మన్‌కున్‌కు 1968లో చేసిన "యఖాల్ ఇన్‌కోమో" (ఎద్దు రంకె అని అర్థం) అక్కడి జనం నోళ్ళలో నానింది. "మానెన్‌బర్గ్" 1974లో కేప్‌టౌన్‌లోనే రికార్డ్ అయింది, వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమానికి పాటైపోయింది. డ్యానీ రికార్డులు డంకన్ విలేజ్‌లో ఎంతమంది విన్నారు?

మంద్రస్థాయి:
మానెన్‌బర్గ్ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది గోదారిగట్టు గారూ. అది చేసిన అబ్దుల్లా ఇబ్రహీం 1962లోనే బయటికి వెళ్ళినవాడు. యూరప్, అమెరికా తిరిగొచ్చి చేసిన పాట అది. ఉండిపోయినవాళ్ళ సంగతంటారా, కిప్పీ మొయెకెత్సి అంతటి సాక్సోఫోన్ విద్వాంసుడు 1983లో పేదరికంలోనే పోయాడు.
అసలు బ్లూ నోట్స్ ఎలా ఉండగలిగేవాళ్ళు? మెక్‌గ్రెగర్ తెల్లవాడు, మిగతా ఐదుగురూ నల్లవాళ్ళు. ఒకే స్టేజీ ఎక్కాలంటే తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ విడదీసే చట్టంతో దాగుడుమూతలే. ఫ్రాన్స్‌లో ఆంటీబ్ జాజ్ ఉత్సవానికి ఆహ్వానం వస్తే దాన్ని పట్టుకుని బయటపడ్డారు. అక్కణ్ణించి స్విట్జర్లాండ్, 1965లో లండన్.

కువైట్ బాబాయ్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. జాజ్ నాకు తెలియదు. పదకొండేళ్ళుగా కువైట్‌లో ఉంటున్నా. ఇక్కడ ఎవరో మనలాంటి వలసలతో పోలుస్తారేమోనని ముందే చెబుతున్నా: నాకు ఇంటి మీద బెంగ పుడితే టికెట్ కొనుక్కుంటా. అంతే, ఇల్లు వచ్చేస్తుంది. ఆయనకి ఆ టికెట్ లేదు. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు.

నాలుగు తీగలు:
బాబాయ్ మాటకి జోడింపు. టికెట్ లేకపోవడం డ్యానీకి అక్షరాలా జరిగింది కూడా. 1966లో స్టీవ్ లేసీ (సాక్సోఫోన్), ఎన్రికో రావా (ట్రంపెట్), మొహోలో, డ్యానీ నలుగురూ అర్జెంటీనా వెళ్ళారు. వెళ్ళడానికే టికెట్లు, తిరిగి రావడానికి లేవు. అప్పుడే అక్కడ సైనిక పాలన వచ్చింది. వీళ్ళు వాయించేది తాళానికీ రాగానికీ కట్టుబడని సంగీతం, వినేవాళ్ళు లేరు. నెలల తరబడి బ్యూనస్ ఎయిరిస్‌లో ఇరుక్కుపోయారు. అక్కడ రికార్డ్ చేసిందే "ద ఫారెస్ట్ అండ్ ద జూ". డ్యానీకి అప్పుడు ఇరవై దాటీ దాటని వయసు. వింటే టెన్షన్ పుడుతుంది, కానీ బేస్ మాత్రం ఎక్కడా బెదరదు.

ఇక అసలు విషయం. నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తా. ఇళయరాజా పాటలు విని ఈ వాయిద్యం పట్టుకున్నవాణ్ణి. బేస్ అంటే వెనక నిలబడి మోసేది అని మాకు నేర్పారు. డ్యానీ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. "సాంగ్ ఫర్ బీకో" (1978) తీసుకోండి. అమెరికా ట్రంపెట్ కళాకారుడు డాన్ చెర్రీ, సాక్సోఫోన్ పుక్వానా, డ్రమ్స్ మకాయా న్‌త్షోకో, డ్యానీ. పియానో లేదు, గిటార్ లేదు. పైన రెండు ఊదే వాయిద్యాలు ఎటుపోయినా కింద నేల చూపించేది బేస్ ఒక్కటే. ఆయన ఒక చిన్న వరసని పట్టుకుని తిప్పుతూనే ఉంటాడు, తిప్పిన ప్రతిసారీ ఒక స్వరం మీద కాస్త బరువు మారుస్తాడు. నేను ఒక వరస పట్టుకుని మా రూమ్‌లో వాయించి చూశా. స్వరాలు పది నిమిషాల్లో వచ్చాయి. ఆ బరువు నెల రోజులైనా రాలేదు.

మంద్రస్థాయి:
అన్నా, ఆ రికార్డు నా వైపు సాక్ష్యం. వర్ణవివక్షని ఎదిరించిన నాయకుడు స్టీవ్ బీకోది కింగ్ విలియమ్స్ టౌన్, డ్యానీ ఊరికి దగ్గరే. 1977 సెప్టెంబరులో పోలీసు నిర్బంధంలో చంపేశారు. మరుసటేడే ఆయన పేరుతో రికార్డు. జొహానెస్‌బర్గ్‌లో కూర్చుని అది వేయగలిగేవాడా?

గోదారిగట్టు:
వేయలేడు, ఒప్పుకుంటా. కానీ ఎవరికి వేశాడు? ఆ రికార్డు వేసిన స్టీపుల్‌చేజ్ డెన్మార్క్ కంపెనీ. కోపెన్‌హాగన్‌లో శ్రోతలు చప్పట్లు కొట్టారు, బీకో ఊళ్ళో వినాల్సినవాళ్ళకి చేరలేదు. నా బాధ అదీ.

వింటే చాలు:
ఇద్దరూ తప్పే. ఇది జాజే కాదు, ఆఫ్రికా జానపదం. అనవసరంగా జాజ్ అని పేరు పెట్టి కొట్టుకుంటున్నారు.

నాలుగు తీగలు:
తమ్ముడూ, లండన్‌లో జాన్ స్టీవెన్స్ బృందంతో పూర్తి స్వేచ్ఛా సంగీతం వాయించినవాడు, డాన్ చెర్రీతో, టర్కీ డ్రమ్మర్ ఓకాయ్ టెమిజ్‌తో ముగ్గురే కలిసి కచేరీలు చేసినవాడు. జానపదం ఉంది, కాదనను. అది మాత్రమే ఉందంటే వినలేదన్నమాట.
వినదలిస్తే "గుడ్ న్యూస్ ఫ్రమ్ ఆఫ్రికా" (1973) మొదటి పాట విను. డ్యానీ, ఇబ్రహీం ఇద్దరే. పాట పేరు "న్‌త్సికానాస్ బెల్". న్‌త్సికానా ఖోసా జాతి ప్రవక్త, 1821లో పోయాడు. ప్రార్థనకి జనాన్ని పిలవాలంటే తన గుడిసె గుమ్మంలో నిలబడి పాడేవాడట. ఆ పాటే గంట అన్నమాట. దాన్ని ఈ ఇద్దరూ పియానో, బేస్ వాయిస్తూ గొంతెత్తి పాడతారు. గొంతులో మెరుగులు దిద్దడం ఏమీ లేదు, భజనలో వెనక వరసలో కూర్చున్నవాళ్ళు పాడినట్టు ఉంటుంది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు.

గోదారిగట్టు:
ఇప్పుడే విన్నాను. రెండుసార్లు. నా మాట మార్చుకోను గానీ, మొదట పెట్టిన లెక్క (ఎవరెప్పుడు పోయారు అనేది) ఈ చర్చకి సరైన మొదలు కాదేమో. కానీ ఒకటి చెప్పండి. ఖోసా ఊళ్ళో గుమ్మం ముందు పాడిన పాట యూరప్ కంపెనీ రికార్డుగా రావడంలో మీకు ఏ లోటూ కనిపించడం లేదా?

మంద్రస్థాయి:
కనిపిస్తోంది. వెళ్ళడం వల్లే ఎదిగాడు అన్నానే, అందులో "వల్లే" వెనక్కి తీసుకుంటున్నాను. సొంత దేశంలోనే ఉండుంటే ఈ గంట పాటని ఇంత పట్టుగా పట్టుకునేవాడా అనే అనుమానం మాత్రం పోలేదు.

నాలుగు తీగలు:
ఆ అనుమానానికి జవాబు "బ్లూ నోట్స్ ఫర్ మొంగెజి"లో ఉందేమో చూడండి. ఫెజా పోయిన తొమ్మిది రోజులకి, 1975 డిసెంబరు 23న, మిగిలిన నలుగురూ లండన్‌లో ఒక గదిలో చేరి మైకులు పెట్టుకుని వాయించారు. ముందుగా అనుకున్నది ఏమీ లేదు. మధ్యలో వాయిద్యం మీద గొంతులు లేస్తాయి, ఖోసాలో మాట్లాడినట్టూ ఉంటుంది, పాడినట్టూ ఉంటుంది. మా ఊళ్ళో చావింట పెద్దవాళ్ళు శోకాలు పెట్టేటప్పుడు ఎక్కడ మాట అయిపోయి ఎక్కడ పాట మొదలవుతుందో తెలియదు చూడండి, అలాగ. అక్కడ శ్రోతలెవరూ లేరు గోదారిగట్టు గారూ. డెన్మార్క్ వాళ్ళూ లేరు, డంకన్ విలేజ్ వాళ్ళూ లేరు.

కువైట్ బాబాయ్:
ఆ మొదటి పాట నేనూ విన్నా. రూమ్‌లో మా కేరళ కుర్రాడు ఇదేం పాట, చర్చి పాటా అని అడిగాడు. అవునన్నా. తర్వాత కాదేమో అనిపించింది. ఆ మొంగెజిది ఎంతసేపు ఉంటుంది? శుక్రవారం సెలవు, అప్పుడు పెట్టుకుంటా.

నాలుగు తీగలు:
గంట దాటుతుంది బాబాయ్. మధ్యలో ఆపొద్దు.