ఫిలోడీస్ గడ్డ: పది ఫీల్డుల్లో 11 మైటోసిస్‌లు, మాలిగ్నెంట్ అనొచ్చా?

ప్రశ్న (అమలాపురం స్లైడ్)
రొమ్ము గడ్డ, 9 సెం.మీ. కోర్ బయాప్సీలో (సూదితో తీసిన ముక్కలో) ఫైబ్రోఅడినోమా (ప్రమాదం లేని మామూలు గడ్డ) అన్నారు. మొత్తం గడ్డ వచ్చాక కోస్తే క్యాబేజీని అడ్డంగా కోసినట్టు మడతలు, చీలికలు, అంటే ఫిలోడీస్ (ఫైబ్రోఅడినోమాను పోలిన అరుదైన గడ్డ). స్ట్రోమా (ఆధార కణజాలం) కణాలు దట్టంగానే ఉన్నాయి, అటిపియా (కణాల రూపంలో తేడా) ఓ మాదిరి. అంచు ఒకచోట కొవ్వులోకి చొచ్చుకుంది. మైక్రోస్కోపు 40 ఆబ్జెక్టివ్‌తో పది ఫీల్డుల్లో (ఒకసారికి కనిపించే వలయాల్లో) 11 మైటోసిస్‌లు (విభజన చెందుతున్న కణాలు). నాలుగు బ్లాకులు (మైనంలో పొదిగిన ముక్కలు) తీశాం. మాలిగ్నెంట్ (క్యాన్సర్) అని రాసేయొచ్చా అండీ?

జవాబు (ఐపీస్)
తొందరపడకండి. ముందు మీ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మీద ఫీల్డ్ నంబరు (కనిపించే వలయం వెడల్పు తెలిపే అంకె) చూడండి. 22 అయితే, 40తో భాగిస్తే ఒక్కో ఫీల్డు వ్యాసం 0.55 మి.మీ., పది కలిపి 2.38 చదరపు మి.మీ. అంటే మీ 11 కాస్తా చదరపు మి.మీ.కి 4.6. 2019 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో 2.5 నుంచి 5 లోపు బోర్డర్‌లైన్ (మధ్య రకం), 5 నుంచి మాలిగ్నెంట్ వైపు. అదే 18 ఐపీస్ అయితే పది ఫీల్డులు 1.59 మాత్రమే, లెక్క 6.9కి ఎక్కేస్తుంది. పది ఫీల్డుల్లో పది, ఆపైన ఉంటే మాలిగ్నెంట్ అన్న లెక్క 0.5 మి.మీ. ఫీల్డుకి చెప్పింది.

పైగా మైటోసిస్ ఒక్కటే చాలదు. తీవ్రమైన అటిపియా, బాగా దట్టమైన స్ట్రోమా, స్ట్రోమల్ ఓవర్‌గ్రోత్, చొచ్చుకుపోయే అంచు, అన్నీ కలిసి రావాలి. ఓవర్‌గ్రోత్ అంటే 4 ఆబ్జెక్టివ్‌లో ఒక ఫీల్డంతా వెతికినా ఎపిథీలియం (నాళాల లోపలి పొర కణాలు) కనిపించకపోవడం.

జవాబు (గ్రాసింగ్ బల్ల)
9 సెం.మీ.కి నాలుగు బ్లాకులా! సెం.మీ.కి ఒకటి చొప్పున కనీసం తొమ్మిది. మాంసంలా మెత్తగా ఉన్న చోట, అంచుల దగ్గర ఎక్కువ తీయండి. నెక్రోసిస్ (చచ్చిన కణజాలం) ముక్కలు నింపితే ఉపయోగం లేదు. ఎపిథీలియం ఎక్కడా దొరక్కపోతే మెటాప్లాస్టిక్ కార్సినోమా (ఇలాగే కనిపించగల మరో రకం రొమ్ము క్యాన్సర్) కాదని సైటోకెరాటిన్, పి63 అనే రంగు పరీక్షలతో తేల్చుకోవాలి. మాలిగ్నెంట్ ఫిలోడీస్‌లోనూ ఇవి అక్కడక్కడా పట్టొచ్చు, రెండు కణాలు చూసి కార్సినోమా అనేయకండి.

జవాబు (ఫార్మలిన్ డబ్బా)
గడ్డ ఎలా వచ్చిందో కూడా చూడండి. కోనసీమ నుంచి ఎండల్లో అరలీటరు డబ్బాలో కుక్కి పంపితే లోపలికి ఫార్మలిన్ దిగదు. ఆ సైజు గడ్డ దాదాపు 380 మి.లీ. ఉంటుంది, దానికి పదింతలంటే దాదాపు నాలుగు లీటర్ల 10% బఫర్డ్ ఫార్మలిన్. అంచులకి ఇంకు పూసి, సెంటీమీటరు మందాన ముక్కలుగా కోసి ముంచాలి. లేకపోతే మధ్యలో కణాలు కుళ్లి, ముడుచుకున్న న్యూక్లియస్‌లు మైటోసిస్‌లా మోసం చేస్తాయి. నున్నగా గుండ్రంగా, చుట్టూ సైటోప్లాజం ఎర్రగా ముడుచుకుని ఉంటే లెక్కపెట్టొద్దు.

ప్రశ్న వేసినవారు
ఐపీస్ 22 అండీ. ఇంకో ఆరు బ్లాకులు వేయిస్తున్నాం. అవి చూసేదాకా రిపోర్టు ఆపాం.