డిజబిలిటీకి లాయర్: మొదటి దరఖాస్తుకేనా, కాదన్నాకనా?

నిద్రపట్టని_రాత్రి: మా ఆయన ఇక్కడ అమెరికాలో గోడౌన్‌లో లోడ్ దించుతూ పడ్డారు. నడుముకి ఆపరేషన్ అయి ఏడు నెలలు. ఇక ఆ పని చేయలేరని డాక్టర్ తేల్చేశారు. పని చేయలేనివాళ్లకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డిజబిలిటీకి, అదే ఎస్‌ఎస్‌డీఐకి, పెట్టాలి. ఇప్పుడే లాయర్‌ని పెట్టుకోమని మా అన్నయ్య, దండగ అని మా మరిది. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

లెక్కల_బాబాయ్: నేను మీ మరిది వైపేనమ్మా. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. లాయర్ గెలిస్తేనే తీసుకుంటాడు, నిజమే. కానీ తీసుకునేది, మంజూరయ్యేదాకా పేరుకుని మీకు రావాల్సిన పాత బకాయిలో 25 శాతం. 2024 నవంబర్‌లో పెంచిన పరిమితి 9,200 డాలర్లు. తక్కువేం కాదు. వాళ్లు కాదంటే అప్పీల్‌కి 60 రోజుల టైం ఉంటుంది, అప్పుడు చూసుకోవచ్చు.

కుర్చీలో_పదినిమిషాలు: బాబాయ్, ఆ లెక్కనే తిరగేసి చూడండి. త్వరగా మంజూరైతే బకాయి తక్కువ, అందులో పావు వంతు ఇంకా తక్కువ. మొదటి ఐదు నెలలకైతే ఎలాగూ ఏమీ రాదు. నేను సొంతంగానే పెట్టాను. ‘వంట చేస్తారా’ అని ఫారంలో అడిగితే ‘చేస్తాను’ అని రాసేశాను. నా వంటేమిటంటే, మా అమ్మాయి బియ్యం కడిగి కుక్కర్‌లో పోసి వెళ్తుంది, నేను గట్టు పట్టుకుని నిలబడి స్విచ్ నొక్కుతాను. అది రాయలేదు. కాదన్నారు. అప్పీల్ విచారణలో జడ్జిగారు ముందు ఎత్తింది ఆ ఒక్క మాటే. మంజూరయ్యేసరికి రెండేళ్లు.

లెక్కల_బాబాయ్: పాపం, నిజమే. కానీ దానికి లాయర్ ఎందుకండీ? ఇప్పుడు మాకు చెప్పినట్టే అక్కడా రాస్తే సరిపోయేది. పైగా చాలామంది లాయర్లు మొదట్లో కేసే తీసుకోరు, తిరస్కరణ లేఖ పట్టుకుని రమ్మంటారు.

రెండో_సంతకం: అసలు సంగతి ఎవరూ అడగలేదు. దెబ్బ పనిలో తగిలింది కదా, వర్కర్స్ కాంప్, అంటే పనిలో దెబ్బ తగిలినందుకిచ్చే పరిహారం, నడుస్తోందా? ఆ కాంప్ డబ్బూ ఎస్‌ఎస్‌డీఐ కలిపి దెబ్బకు ముందటి సగటు సంపాదనలో 80 శాతం దాటితే, చాలా రాష్ట్రాల్లో కోత ఎస్‌ఎస్‌డీఐలో పడుతుంది. కాంప్ డబ్బు ఒకేసారి తీసుకుంటున్నా, దాన్ని మిగిలిన ఆయుర్దాయమంతటికీ నెలకింత అని ఒప్పందంలో విడగొట్టి రాయిస్తే కోత బాగా తగ్గవచ్చు. ఆ వాక్యం ముందే ఉండాలి. తర్వాత చేర్పించుకోవడం చాలా కష్టం.

నిద్రపట్టని_రాత్రి: నడుస్తోందండీ. సెటిల్‌మెంట్ కాగితాలు గురువారం వచ్చాయి. ఇంకా సంతకం పెట్టలేదు.

లెక్కల_బాబాయ్: పెట్టకండమ్మా! దానికైతే రేపే లాయర్‌ని కలవండి. ఎస్‌ఎస్‌డీఐ ఫారం విషయంలో మాత్రం నా మాట నాదే.