సంబంధానికి పంపే ఫోటోలో మచ్చలు ఉంచాలా, తీసేయాలా?

పర్లాకిమిడి అమ్మాయి:
మా తమ్ముడు గవర్నమెంటు టీచరు. ముఖం మీద, చేతుల మీద బొల్లి మచ్చలున్నాయి. పాతపట్నం వైపు సంబంధం వాళ్లు ఫోటో అడిగారు. మచ్చలు కనపడకుండా చేసిస్తానని స్టూడియో అతను అంటున్నాడు. పంపొచ్చా? చూపులకి ఫుల్ చేతుల చొక్కా వేయించాలా? మందుల సంగతి తెలిసినవాళ్లు కూడా చెప్పండి.

గునుపూర్ బావ:
బట్టల సంగతి నన్నడగండి. నా చూపులకి మే నెలలో మా బావగారి కోటు తొడిగారు. కారే చెమట చూసి పిల్ల మేనత్త "బీపీ ఉందా బాబూ" అంది. అంతే, సంబంధం పోయింది.

బరంపురం లెన్స్:
నాన్నగారి కాలం నుంచి స్టూడియో మాది. ముఖం సంగతి మాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. చెడగొట్టేది మచ్చలు కాదమ్మా, సెల్ఫీలు. అడుగు దూరంలో ఫోన్ పెట్టి తీస్తే, ఐదడుగుల నుంచి తీసినదాని కంటే ముక్కు 30 శాతం దాకా వెడల్పుగా వస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్క కట్టారు. కిటికీ పక్కన నిలబెట్టి, దూరం నుంచి తీయించండి. మచ్చలు తీయడం ఐదు నిమిషాల పని.

జయపురం మాస్టారు:
తీసేసి పంపితే రేపు ఇంటికొచ్చినవాళ్లు మోసం అనరా? మా అమ్మాయిది చామనఛాయ. మీలాంటి స్టూడియో వాళ్లే దాన్ని తెల్లగా సున్నం కొట్టి పెట్టారు. మంచినీళ్ల గ్లాసు అందిస్తున్న పిల్లనే పట్టుకుని "పెళ్లికూతుర్ని పిలవమ్మా" అన్నారు వచ్చినవాళ్లు. ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు.

బరంపురం లెన్స్:
తెల్లగా చెయ్యమనేది ఎవరు సార్? కన్నవాళ్లే! పక్కన కుర్చీ వేసుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటారు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది. జనం బుద్ధి మారిందా?

జయపురం మాస్టారు:
నేను అడగలేదు.

బరంపురం లెన్స్:
ఇంట్లో ఆడవాళ్లు అడిగుంటారు.

జయపురం మాస్టారు:
మా ఇంట్లోవాళ్ల జోలికి వస్తే మర్యాదగా ఉండదు.

సైకాలజీ పీజీ:
ఇద్దరూ కాస్త ఆగండి. ఇది నా సబ్జెక్టు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ సైకాలజిస్టులు విల్లిస్, తొదొరోవ్ 2006లో తేల్చారు. సెకనులో పదో వంతు ముఖం చూపిస్తే చాలు, మనిషి నమ్మదగ్గవాడా కాదా అని ఒక అభిప్రాయం వచ్చేస్తుంది. ఇంకాసేపు చూపించినా ఆ అభిప్రాయం పెద్దగా మారదు, దాని మీద ధీమా మాత్రం పెరుగుతుంది. ఇలాంటిదే 1920లోనే థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు సైన్యంలో గమనించాడు. శరీర దారుఢ్యం బాగుందని మార్కులు పడ్డవాడికి తెలివికి, నాయకత్వానికి కూడా పై అధికారులు మంచి మార్కులే వేసేవారు.

గునుపూర్ బావ:
సెకనులో పదో వంతా? ఆ మేనత్త అంతసేపు కూడా తీసుకోలేదు.

సిరొంచ కుర్రాడు:
త్వరగా అనిపించినంత మాత్రాన నిజమైపోతుందా పీజీ గారూ? మాది మహారాష్ట్ర అంచు. నేను మా జిల్లా కేంద్రానికి వెళ్తే నోరు తెరవకముందే తెలుగోడంటారు. వంతెన దాటి కాళేశ్వరం వెళ్తే మహారాష్ట్రోడంటారు. మీసం అదే, చొక్కా అదే.

రాయగడ నర్సు:
చెల్లీ, నీ మూడో ప్రశ్న ఎవరికీ పట్టలేదు. బొల్లి అంటుకోదు, కుష్ఠు అసలే కాదు. ఈ మాట అవతలివాళ్లకి ముందే చెప్పండి. చర్మ డాక్టరు దగ్గర పూత మందులు, లైటు చికిత్స ఉన్నాయి. నెలల తరబడి ఓపిక కావాలి. ముఖం మీదివి బాగానే తగ్గుతాయి, వేళ్ల మీదివి మొండివి.
చూపు సంగతంటారా, మా వార్డుకి సవర తెగ అవ్వలు వస్తారు. గడ్డం మీద పచ్చబొట్టు, సాగిన చెవుల్లో చెక్కబిళ్లలు. కొత్త స్టాఫ్ వాళ్లతో చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరుస్తారు. మొన్న ఒక అవ్వ "మెల్లగా చెప్పు తల్లీ, వినపడుతోంది" అంది. తెలుగులోనే. ఆవిడకి ఒడియా కూడా వచ్చు.

జయపురం మాస్టారు:
ఆ స్టాఫ్ మీద కంప్లైంట్ పెట్టారా?

పర్లాకిమిడి అమ్మాయి:
నర్సక్కా, థాంక్స్. మా వాడు ఎవరినీ అడక్కుండా స్కూలు వరండాలో తీసిన ఫోటో పంపేశాడు, మచ్చలతోనే. వాళ్లు ఫోటో గురించి ఒక్క మాట అనలేదు. జీతమెంత, పోస్టింగ్ ఎక్కడ అని అడిగారు.

గునుపూర్ బావ:
ఇంతకీ పోస్టింగ్ ఎక్కడమ్మా? మా మరదలికి కూడా చూస్తున్నాం.